ద్రవాభిసరణము వ్యాపనమేనా?

నీటిలో పడిన సిరాబొట్టు దానంతటదియే అంతటను వ్యాపించును. ఇది వ్యాపనము. నీటిలో నానవేసిన ఎండుద్రాక్ష ఉబ్బును. ఇది ద్రవాభిసరణము. ఈ రెండింటికిని గల సంబంధమేమి? సరియైన సమాధానము దొరకుటకు రెండు శతాబ్దములకు పైగా పట్టినది.

1748లో ఫ్రాన్సు దేశీయుడగు నోలే ఒక గాజుపాత్రను సారాయితో నింపి, మూతికి పంది మూత్రాశయపు పొరను బిగించి నీటిలో ఉంచెను. కొన్ని గంటలకు పొర పైకుబ్బెను. సూదితో పొడువగా ద్రవము చిమ్ముకొని వచ్చెను. 1826 మొదలు అదే దేశస్థుడగు డ్యుట్రోషే దీనిని విపులముగా పరిశోధించెను. మొదట ఆయన దీనికి విద్యుచ్ఛక్తియే కారణమని భ్రమపడెను.

1855లో ఫిక్ వ్యాపన సూత్రములను ప్రకటించెను. పదార్థము గాఢత హెచ్చుగానున్న చోటినుండి తక్కువగానున్న చోటికి పోవును. గాఢతా భేదము పెరిగినకొలది వేగమును పెరుగును. 1867లో ట్రౌబే నీటిని మాత్రమే పోనిచ్చి చక్కెరను అడ్డగించు కృత్రిమపు పొరను తయారుచేసెను. 1877లో ఫెఫర్ అట్టి పొరను మట్టికుండ గోడలలో నిలిపి పీడనమును కొలిచెను. నూటికి 1 పాలు చక్కెర గల ద్రావణమునకు అది సుమారు 53 సెంటీమీటర్ల పాదరసమునకు సమానము. 2 పాళ్లకు దాదాపు రెట్టింపు. ఈ అంకెలనుండియే వాంట్ హాఫ్, విరళ ద్రావణములు వాయు నియమములను పోలిన నియమమును అనుసరించునని చూపెను. 1901లో రసాయన శాస్త్రమున మొదటి నోబెల్ బహుమతి ఆయనకే లభించెను.

చక్కెర హెచ్చుగానున్న చోట నీటి పాలు తక్కువ. కావున ద్రవాభిసరణమనగా నీటి వ్యాపనమేయని పలు పాఠ్యగ్రంథములు చెప్పుచు వచ్చినవి. అదియే నిజమైనచో రెండింటి లెక్కలును సరిపోవలెను. 1935లో హెవెసీ, హోఫర్, క్రో అను మువ్వురు కప్ప చర్మముపై దీనిని పరీక్షించిరి. భారజలమును గుర్తుగా వాడి, కేవల వ్యాపనముచే చర్మము గుండా ఎంత నీరు పోవునో కొలిచిరి. ద్రవాభిసరణముచే పోవు నీరు ఆ లెక్కకు కొన్ని రెట్లు అధికముగా నుండెను!

పొరలో సన్నని రంధ్రములున్నచో ఈ చిక్కు విడిపోవును. వానిలో నీటి అణువులు విడివిడిగా తిరుగాడక, ఒకదానినొకటి నెట్టుకొనుచు ప్రవాహముగా సాగును. 1992లో పీటర్ ఆగ్రి బృందము, ఎర్ర రక్తకణముల పొరలోనున్న ఒక ప్రోటీనును కప్పగ్రుడ్లలో తయారగునట్లు చేసెను. పలుచని ద్రావణములో ఉంచగా ఆ గ్రుడ్లు వేగముగా ఉబ్బి పగిలినవి. ఆ ప్రోటీను లేని గ్రుడ్లు పగులలేదు. జీవకణములలోని నీటి ద్వారములు ఇట్లు బయటపడినవి. ఆగ్రికి 2003లో నోబెల్ బహుమతిలో భాగము లభించెను.

కావున జీవకణపు పొరలో నీటికి రెండు దారులు గలవు. కొవ్వు పదార్థము గుండా అణువులు ఒక్కొక్కటిగా చొచ్చుకొనిపోవుట వ్యాపనమే. ప్రోటీను ద్వారముల గుండా పోవుట వరుసగట్టిన ప్రవాహము. ద్రవాభిసరణమును నీటి వ్యాపనమని నిర్వచించుట మొదటి దారికి సరిపోవును, రెండవదానికి చాలదు.