కొల్లేటి మీద గీసిన గీతలు

సరస్సు ఎక్కడిదాకా అని అడిగితే కొల్లేటి లంకల్లో పుట్టినవాడెవడూ ఒక్క గీత గీసి చూపించలేడు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు పోటెత్తిన ఏడాది నీళ్లు వీధి అరుగుల దాకా వస్తాయి. ఎండాకాలంలో అదే చోట గేదెలు మేస్తాయి. సముద్రమట్టానికి మూడడుగుల ఎత్తు గీత, అంటే +3 కాంటూరు దగ్గర సుమారు 135 చదరపు కిలోమీటర్లుండే కొల్లేరు, +10 దాకా నిండితే 901 అవుతుంది. ఇంత నీరు సముద్రానికి పోవడానికి ఉన్న దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే.

మా పెద్దల బతుకు ఆ నీటి రాకపోకలను బట్టే సాగింది. నీళ్లున్నన్నాళ్లు తాటిదోనెల మీద వేట. వెదురు పుల్లలతో అల్లిన మావులను దడి వెంట నీటివాలుకు పెట్టి, తెల్లారకముందే వెళ్లి ఎత్తేవాళ్లు. కొర్రమేను, ఇంగిలాయి, జెల్ల ఏది పడితే అది. నీరు తీశాక ఆ బురదలోనే దాళ్వా ఊడ్చేవాళ్లు. కిక్కిస కోసి ఇంటికి కప్పేవాళ్లు. అవి బంగారు రోజులని మాత్రం నేననను. పంట మునిగిన ఏడు అప్పు తప్ప గతి లేదు, తాగునీటికి నానా తిప్పలు. కాకపోతే నీటికి అడ్డంగా ఏడాది పొడవునా నిలిచే గట్టు ఎవరూ వేయలేదు.

1852లో ధవళేశ్వరం దగ్గర, 1855లో బెజవాడ దగ్గర ఆనకట్టలు లేచాక డెల్టా అంతా పచ్చబడింది. పొలాలు వదిలిన నీళ్లు మురుగు కాలవల్లో పడి మా మీదికి దిగాయి. వరి లెక్కలో కొల్లేరంటే మురుగు దిగే పల్లం. 1964 వరదల తర్వాత వేసిన మిత్రా కమిటీ చూసింది కూడా ప్రధానంగా ఈ నీళ్లను ఎలా సాగనంపాలన్నదే.

1970ల్లో సర్కారుకి కొల్లేరు ఊరికే పడి ఉన్న నీళ్లలా కనిపించింది. మత్స్యకార సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది. పేదవాడికి ఆస్తి ఇవ్వాలన్న ఉద్దేశం మంచిదే. కానీ చెరువుకి మేత, మందు, పెట్టుబడి కావాలి. అవి ఉన్నవాడు బయటి నుంచి వచ్చి లీజుకు తీసుకున్నాడు. సొసైటీ సభ్యుడు లీజు డబ్బు పుచ్చుకుని తన చెరువు గట్టు మీదే కూలికి కాపలా కాశాడు. ఊళ్లో డాబాలు లేచాయి, నిజమే. గట్టు పక్కన గట్టు లేచి నీరు నడిచే దారులూ పూడిపోయాయి.

1999లో 120వ నంబరు జీవోతో +5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో పొక్లెయిన్లు వచ్చి గట్లు కొట్టేశాయి. నిన్నటిదాకా చెరువు తవ్వుకోమన్న సర్కారే ఇప్పుడు మమ్మల్ని ఆక్రమణదారులంది. పక్షికీ మనిషికీ పొత్తు కుదరదన్న ఆలోచన అప్పుడే మా మధ్యకు వచ్చింది. కానీ 1946లో పక్షుల పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ ఈ ప్రాంతంలోని ఆరేడు అనే చోట గూడబాతులు గూళ్లు పెట్టడం చూసి రాశాడు. అది అడవి కాదు, ఊరు. ఇప్పుడు ఆటపాకలో వాటికి అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది.

అభయారణ్యాన్ని +5 నుంచి +3కి తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఈ రెండు అంకెలూ మా ఊళ్లకొస్తాయి. మావాళ్లకు కోపం వచ్చినా సరే, తగ్గించొద్దనే నేనంటాను. వదిలిన నేలలో మళ్లీ గట్లే లేస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి ఇటు దిగినప్పుడు పెదఎడ్లగాడి వంతెన ఖానాల్లో గుర్రపుడెక్క అడ్డం పడింది, లంకలకు రాకపోకలు తెగాయి. ఆ నీళ్లు కాంటూరు అడిగి రాలేదు.

అలాగని +5 గీత గీసి చేతులు దులుపుకుంటే సరిపోదు. గీత లోపల పడిన జిరాయితీ భూములకు పరిహారం ఇవ్వాలి. ఉప్పుటేరులో పూడిక తీయాలి, మురుగు కాలవల్లోకి వచ్చే ఫ్యాక్టరీల, పట్టణాల మురికిని ఆపాలి. నీరున్నప్పుడు వేట, తీశాక మేత అన్న పాత పద్ధతికి అభయారణ్యం ప్రణాళికలోనే చోటివ్వాలి. ఈసారి ఓటడగడానికి వచ్చేవాళ్లను కాంటూరు సంగతి తర్వాత, ఉప్పుటేరు ఎప్పుడు తవ్విస్తారో ముందు చెప్పమనండి.