తివోలి కొండ మీద నీళ్ళు: ఒక ఇటాలియన్ గార్డెన్ వెనక కథ

ఇంటి ముందు కాస్త ఖాళీ స్థలం ఉందనుకోండి. ఇటాలియన్ స్టైల్ గార్డెన్ పెట్టాలని ఫోన్‌లో వెతికితే ఏం వస్తాయి? తెల్ల పాలరాతి బొమ్మలు, ఓ ఫౌంటెన్, నీట్‌గా కత్తిరించిన పొదలు, పెద్ద మట్టి కుండీలు. అంటే షాపులో కొనుక్కునే సామాన్ల లిస్టు అన్నమాట. కానీ ఈ తోటలు పుట్టిన కాలానికి వెళ్తే, అక్కడ ముందు చూసుకున్నది నేల వాలు, నీళ్ళు. బొమ్మలు తర్వాత వచ్చాయి. ఆ నేల కోసం, ఆ నీళ్ళ కోసం ఒక ఊరు ఏం పోగొట్టుకుందో, ఇవాళ అది మాట్లాడుకుందాం.

15వ శతాబ్దం ఇటలీలో లియోన్ బత్తిస్తా ఆల్బెర్తి అని ఒక ఆర్కిటెక్ట్ ఉండేవాడు. కట్టడాల గురించి లాటిన్‌లో పెద్ద పుస్తకం రాశాడు. ఆయన పోయిన తర్వాత, 1485లో అది అచ్చయింది. ఊరి బయట ఇల్లు కట్టుకునేవాళ్ళకి అందులో ఒక సలహా ఉంది. మెల్లగా ఎత్తు పెరిగే నేల చూసుకోండి అంటాడు. నడిచి వచ్చేవాడికి ఎక్కుతున్నట్టే తెలియకూడదు, పైకి చేరాక మాత్రం చుట్టూ ఉన్నదంతా కనపడాలి. చూడండి, ఇల్లు ఎలా ఉండాలో చెప్పాల్సినవాడు ముందు వాలు గురించి చెబుతున్నాడు.

ఈ ఆలోచనని పెద్ద ఎత్తున అమల్లో పెట్టిన చోటు తివోలి. రోమ్‌కి తూర్పున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, కొండ మీద ఉన్న ఊరు. 1550లో అక్కడికి గవర్నర్‌గా కార్డినల్ ఇప్పొలితో దెస్తే వచ్చాడు. ఈయన మామూలు మనిషి కాదు. తండ్రి ఫెరారా డ్యూక్. తల్లి లుక్రేజియా బోర్జియా. అంటే ఒక పోప్‌కి మనవడు. తను కూడా పోప్ అవ్వాలని ఎంతో ఆశపడ్డాడు, అవ్వలేకపోయాడు. ఆ ఎన్నికలో గెలిచిన మూడో జూలియస్‌కి సపోర్ట్ చేసినందుకు ఈ గవర్నర్ పదవి దక్కింది.

వచ్చి చూస్తే ఏముంది, గవర్నర్ ఉండాల్సిన ఇల్లు ఒక పాత సన్యాసుల మఠం. దాని కింద లోయలో జనం ఇళ్ళు, తోటలు. ఈయనకి అక్కడ ప్యాలెస్ కావాలి, దాని కింద మెట్లు మెట్లుగా దిగే తోట కావాలి. పురాతన రోమ్ గురించి బాగా తెలిసిన పిర్రో లిగోరియోని డిజైన్‌కి పెట్టుకున్నాడు. లోయలో ఉన్న ఇళ్ళు కొన్నారు, ఖాళీ చేయించారు, పడగొట్టారు. ఒక పక్క నేల తవ్వి, ఇంకో పక్క పూడ్చి, కొండ ఆకారాన్నే మార్చేశారు. ఊరివాళ్ళు ఊరికే ఉన్నారా? లేదు, కోర్టుకెక్కారు. అయినా పని ఆగలేదు. ఎందుకంటే ఆ ఊరికి గవర్నర్ కూడా ఆయనే కదా!

ఇక నీళ్ళు. తివోలి పక్కనే అనియెనె నది పారుతుంది. ఆ నది నీళ్ళు తోటకి రావాలంటే మధ్యలో ఊరు అడ్డం. అందుకని ఊరి కిందనుంచే సొరంగం తవ్వించారు. ఇక్కడ అసలు ఇంజినీరింగ్ ఏంటంటే, మోటార్లు లేవు, పంపులు లేవు. మన ఇంటి మీద వాటర్ ట్యాంక్ ఉంటే కింద కుళాయిలో నీళ్ళు ఎలా వస్తాయో, అదే లెక్క. పైన నది, కింద తోట. ఎంత కిందికి దిగితే నీటికి అంత ఒత్తిడి. ఆ ఒత్తిడితోనే ఫౌంటెన్లు పైకి ఎగజిమ్ముతాయి. అంటే వాలు అనేది అందం కోసమే కాదు, మొత్తం తోటకి ఇంజిన్ అదే.

ఒక ఫౌంటెన్ అయితే ఏకంగా ఆర్గన్ వాయించేది. పడే నీళ్ళు ఒక గదిలో గాలిని బంధిస్తాయి, ఆ గాలి గొట్టాల్లోంచి వెళ్ళి సంగీతం పలుకుతుంది. 1581లో ఫ్రెంచ్ రచయిత మోంతేన్ అక్కడికి వెళ్ళి, దాని గురించి తన ప్రయాణాల డైరీలో రాసుకున్నాడు.

మరి బొమ్మల సంగతి? అవీ ఉన్నాయి. దగ్గర్లోనే రోమన్ చక్రవర్తి హాడ్రియన్ విల్లా శిథిలాలున్నాయి. అక్కడ తవ్వించి, బొమ్మలు తెచ్చి ఇక్కడ పెట్టారు. 18వ శతాబ్దానికి వాటిలో చాలా భాగం అమ్ముడుపోయాయి, తోటని కూడా పట్టించుకునేవాళ్ళు లేకపోయారు. కానీ వాలు ఎక్కడికీ పోదు, నది ఎక్కడికీ పోదు. అందుకే తర్వాత బాగుచేసినప్పుడు మళ్ళీ లేచి నిలబడింది. 2001లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్ళింది.

ఇంకో విషయం. అప్పట్లో అతిథులు కింది గేటు నుంచి వచ్చేవాళ్ళు. పైన ప్యాలెస్ కనిపిస్తూ ఉంటుంది, ఒక్కో మెట్టు ఎక్కుతూ, ఒక్కో ఫౌంటెన్ దాటుతూ చివరికి కార్డినల్ దగ్గరికి చేరాలి. "నేనెంత పెద్దవాడినో చూడు" అని నోటితో చెప్పక్కర్లేదు, ఆ దారే చెబుతుంది. ఇప్పుడు టూరిస్టులు పైన ఊరి వైపు నుంచి లోపలికి వెళ్తున్నారు. అంటే కథని చివరి నుంచి మొదటికి చదువుతున్నారన్నమాట.

అయితే ప్రతి తోటా ఇలా ఇంటిని నెత్తిన పెట్టుకోలేదు. బాన్యాయా అనే ఊళ్ళో విల్లా లాంతే ఉంది. అక్కడ ఒక పెద్ద ప్యాలెస్ బదులు రెండు చిన్న భవనాలు. చెరో పక్కకి జరిగి మధ్యలో నీటికి దారి వదిలాయి. ఒక పొడవైన రాతి బల్ల ఉంటుంది, దాని మధ్యలో నీటి కాలువ. భోజనం చేసేటప్పుడు వైన్ చల్లబరుచుకోవడానికి. అదే స్టైల్, అవే లెక్కలు, కానీ ఇక్కడ ఇల్లే తగ్గి ఉంది.

1904లో అమెరికన్ రచయిత్రి ఈడిత్ వార్టన్ ఈ తోటల మీద ఒక పుస్తకం వేసింది. అప్పటికే అమెరికా డబ్బున్నవాళ్ళు పాలరాతి బెంచీలు కొని పెట్టుకుని అదే ఇటాలియన్ గార్డెన్ అనుకుంటున్నారు. ఆమె అభిప్రాయం ఏంటంటే, సామాను తెస్తే తోట రాదు. ఇల్లు, తోట, చుట్టూ ఉన్న నేల, మూడూ ఒకదానికొకటి కుదరాలి. మసాచుసెట్స్‌లో తన సొంత ఇంటికి ఆమె అలాగే చేసింది. వాలు మీద ఇల్లు, ముందు టెర్రస్, కింద గోడల మధ్య ఒక తోట.

కాబట్టి ఎవరైనా ఇటాలియన్ గార్డెన్ వేస్తామంటే, ముందు రెండు ప్రశ్నలు అడగండి. మా ఇంటి నేల ఎటు వాలి ఉంది? నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? రెండో ప్రశ్నకి వచ్చే జవాబుని ఇంకాస్త గట్టిగా అడగండి, ఎందుకంటే ఆ నీళ్ళు ఇంకెవరివో కూడా అయ్యుండొచ్చు. తివోలి లోయలో ఇళ్ళు పోయినవాళ్ళ పేర్లు ఏ ఫౌంటెన్ మీదా లేవు.

ఇవాల్టికి ఇంతే ఫ్రెండ్స్. మీకు తెలిసిన పాత తోటలో నీళ్ళు ఎలా వచ్చేవో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.