రెండు చక్రాల పట్టు: బురదలో పికప్ బండి చరిత్ర



ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి. వానలు పట్టుకుంటే మన ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట తోటల దగ్గర ఒకటే గొడవ. టమాటా బాక్సులు ఎత్తుకున్న పికప్ మట్టిదారిలో దిగబడి తారు రోడ్డు ఎక్కలేదు. మన గనుల లైన్లలో తమిళంలో "వండి మాట్టికిచ్చు" అంటారే, అదే. వేలం వేళకు కోలారు మార్కెట్టు చేరిన 15 కిలోల బాక్సుకు ఒక ధర, వేలం అయిపోయాక చేరినదానికి ఇంకో ధర. రెండో రోజుకు మెత్తబడిన కాయను అడిగేవాడే ఉండడు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక మన పిల్లల్లో చాలామంది బెంగళూరు రైలెక్కారు. కొందరు అప్పు చేసి పికప్ కొన్నారు. వాళ్ళు సంఘంలో అడిగే ప్రశ్న ఇది: "మామా, నాలుగు చక్రాలకూ ఇంజను పట్టు లేకపోతే బురదలో పోలేమా? బండి ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయిస్తే సరిపోతుందా?" దీనికి జవాబు పాత చరిత్రలోనే ఉంది. వరసగా చెప్తాం.

మొదట ఎద్దుల బండి. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టిన రోజుల్లో రైలు బౌరింగ్‌పేట వరకే, అంటే ఇప్పటి బంగారుపేట వరకే. అక్కడి నుంచి గనులకు సామాను ఎద్దుల బండ్ల మీద రావాలి. ఎద్దుల బండిలో చక్రం పని బరువు మోయడమే. ముందుకు లాగేది ఎద్దు గిట్ట. మోటారు బండిలో ఆ రెండు పనులూ చక్రానివే. మోయాలి, మళ్ళీ నేలను వెనక్కి తన్ని ముందుకు తోయాలి. నేల మెత్తగా ఉంటే మొదటి పనికే చక్రం కూరుకుపోతుంది, రెండో పనికి దారేదీ?

1894లో మారికుప్పం దాకా రైలు వచ్చింది. రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం కాబట్టి ఒక సంగతి మాకు బాగా తెలుసు. ఇంజనుకు ఇనుప చక్రం, కింద ఇనుప పట్టా. వానకు తడిస్తే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకే ఇంజనులో ఇసుక డబ్బాలుంటాయి. డ్రైవరు చక్రం ముందు పట్టా మీద సన్నగా ఇసుక వదులుతాడు, పట్టు దొరుకుతుంది. ఇంకోటి, ఇంజను ఎంత లాగగలదో తేల్చేది దాని గుర్రపు బలం ఒక్కటే కాదు. తిప్పే చక్రాల మీద ఎంత బరువు కూర్చుందో అది కూడా చూడాలి. పికప్‌కూ ఇదే లెక్క. ఖాళీ పికప్ వెనక భాగం తేలిక, తిరిగేవి మాత్రం వెనక చక్రాలే. అందుకే నిండు బండి పోయిన చోట ఖాళీ బండి జారుతుంది.

మరి ఒక చక్రమే ఎందుకు తిరుగుతుంది? మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. రెండు చక్రాలూ వేరువేరు వేగంతో తిరిగేలా చేసేది డిఫరెన్షియల్. దానికి ఫ్రాన్సులో పెక్యూర్ అనే ఆయన 1827లో పేటెంటు తీసుకున్నారు. తారు రోడ్డు మీద ఇది వరమే. బురదలో ఇదే శత్రువు. రెండు పక్కలకూ సమానమైన బలమే ఇస్తుంది కాబట్టి, జారే చక్రానికి ఎంత తక్కువ బలం చాలునో గట్టి నేల మీదున్న చక్రానికీ అంతే వెళ్తుంది. పేరుకు రెండు చక్రాల బండి, ఆ నిమిషానికి ఒక చక్రం బండి కూడా కాదు.

ఇప్పుడు అసలు కథ. 1940లో ఈజిప్టులో రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ అధికారి ఎడారిలో శత్రువు వెనక్కి పోయే దళం ఒకటి తయారుచేశాడు. మొదట చేరినవాళ్ళు న్యూజిలాండ్ సైనికులు, తరువాత మన భారత సైన్యం నుంచి కూడా ఒక స్క్వాడ్రన్ పోయింది. వాళ్ళు ఎంచుకున్న బండి షెవర్లే లారీ, వెనక చక్రాలకే పట్టు. దాని తలుపులు, అద్దాలు, పైకప్పు తీసేశారు, బరువు తగ్గింది. ఇసుకలో టైర్ల గాలి తగ్గించారు. రేడియేటరు ఆవిరి వృథా కాకుండా పక్కన డబ్బాలో పట్టి మళ్ళీ నీళ్ళుగా వాడుకున్నారు. దిగబడితే చక్రం ముందు ఇనుప రేకు పట్టీలు పరిచి ఎక్కించారు. 1941లో నాలుగు చక్రాల ఫోర్డు లారీలు ఇచ్చారు. అవి బరువు, పెట్రోలు విపరీతంగా తాగాయి. 1942లో మళ్ళీ రెండు చక్రాల షెవర్లేకే వచ్చారు. సహారా దాటినవాళ్ళే ఈ తీర్పు ఇచ్చారంటే మన చెరువు కట్ట దారికి ఏం చెప్పాలి?

మన బెమెల్‌లో పనిచేసిన సభ్యులకు ఇది కొత్త కాదు. 20 టన్నులు దాటిన బుల్డోజరు పోయే మెత్తని నేలలో 2 టన్నుల పికప్ దిగబడుతుంది. బుల్డోజరు బరువును గొలుసు పట్టా వెడల్పుగా పరుస్తుంది. టైరు గాలి తగ్గించడం కూడా అదే పని, చిన్న ఎత్తులో.

ఇక మన దారులకు పనికొచ్చేది, ఖర్చు తక్కువదాని నుంచి చెప్తాం.

ఒకటి, దిగి నడిచి చూడండి. ఎర్రమట్టి పైన జారినా కింద గట్టిగా ఉంటుంది. చెరువు అడుగు నల్లమట్టి లోపలికి లాగుతుంది. బేతమంగళం వైపు పాలారు ఇసుక ఇంకో రకం.

రెండు, ఇసుకలో ఖాళీగానో తక్కువ సరుకుతోనో పోయేటప్పుడు గాలి తగ్గించి నిదానంగా పోండి. తారు ఎక్కేముందు తప్పకుండా నింపాలి. నిండు బాక్సులతో గాలి బాగా తగ్గిస్తే టైరు పక్క గోడ పోతుంది. పంపు బండిలోనే ఉండాలి.

మూడు, ఖాళీ బండిలో నాలుగు ఇసుక మూటలు వెనక ఇరుసుకు సరిగ్గా పైన కట్టండి. డోరు దగ్గర పెడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు పట్టదు.

నాలుగు, రెండు పలకలు, ఒక పార, గోనె సంచులు. చక్రం తిరుగుతూ గుంత తవ్వకముందే ఆపి, ముందర మట్టి తీసి, పలక పెట్టాలి. పలక లేకపోతే నీలగిరి కొమ్మలు, కొబ్బరి మట్టలు. తుమ్మ కొమ్మలు వద్దు, ముల్లు టైరుకే దిగుతుంది. సైనైడ్ గుట్టల మట్టి తెచ్చి దారిలో పోయడం అసలే వద్దు. అది పిండిలా నూరిన రాయి, తడిస్తే జారుతుంది, ఒంటికీ మంచిది కాదు.

ఐదు, హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలను పట్టే బండ్లలో దాన్ని రెండు మూడు పళ్ళు లాగి మెల్లగా కదిలించండి. జారే చక్రానికి అడ్డు తగిలి బలం రెండోదానికి పోతుంది. బయటపడగానే వదిలేయాలి.

ఆరు, డబ్బు పెట్టాలనుకుంటే ముందు వెనక చక్రాలకు లోతైన గాట్లున్న టైర్లు, కంపెనీ చెప్పిన సైజులోనే. ఆ తరువాతే ఒక చక్రం జారితే తానుగా రెండూ పట్టుకునే డిఫరెన్షియల్ మాట. 2021లో వచ్చిన బొలెరో నియోలో వెనక చక్రాల పట్టుతోనే ఇలాంటిది ఉన్న రకం అమ్మారు. కొత్త బండి కొనేవాళ్ళు అడిగి చూడండి.

వద్దన్నవీ చెప్పాలి. కమాన్ పట్టీలు అదనంగా వేసి బండి ఎత్తడం, పెద్ద టైర్లు బిగించడం మన పిల్లలకు మోజు. ఎత్తు పెరిగిన బండి నిండు సరుకుతో గట్టు మీద పక్కకు ఒరుగుతుంది. ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండి మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. ఎఫ్‌సీ ఆగిపోతుంది, ప్రమాదమైతే ఇన్సూరెన్సు దగ్గర చిక్కు. కంతు మాత్రం నెలనెలా కట్టాల్సిందే. ట్రాక్టరుతో లాగించేటప్పుడు తాడు దగ్గర ఎవరూ నిలబడకూడదు. తెగిన తాడు మనిషిని కొడుతుంది.

చివరగా సంఘానికి ఒక మనవి. ఒక్కో పికప్‌కు వేలు ఖర్చు పెట్టే బదులు, ఏటా దిగబడే చోట్లు ఏవేవో రాసి ఇవ్వండి. అక్కడ నాలుగు లోడ్ల గ్రావెల్, పక్కన నీళ్ళు పోయే కాలువ ఉంటే చాలు. జాబితా చేసి పంచాయతీలకు అర్జీ పెడదాం. కాగితం పని మాకు వదిలేయండి, అది చేసే రిటైరయ్యాం. మీ ఊరి దారి పేరు, దిగబడే చోటు గుర్తు కింద రాయండి.