విద్యుత్ పంకా: రొద నణచిన చరిత్ర

బ్రిటిషువారి కాలమున కచేరీలలోను, దొరల బంగళాలలోను దూలమునుండి పెద్ద గుడ్డపంకా వ్రేలాడుచుండెడిది. వసారాలో కూర్చున్న పంకాకూలీ త్రాటిని లాగుచుండ, లోపలివారు సేదదీరుచుండెడివారు. త్రాడు కిర్రుమనుట తప్ప దానికి వేరు చప్పుడు లేదు. కాని ఆ నెమ్మదికి మూల్యము ఒక మనిషి నిద్ర.

1882లో అమెరికాలో స్కైలర్ వీలర్ విద్యుత్ మోటారునకు రెండు రెక్కలు తగిలించి, ఆ కూలీకి విముక్తి మార్గమును చూపెను. అయితే నాటి మోటారు ఏకముఖ విద్యుత్తుతో నడచెడిది. దాని బ్రష్షులు తిరుగుచున్న రాగి పలకలపై రాచుకొని గీరుచు, నిప్పురవ్వలు రాల్చెడివి. రేడియోలు వచ్చిన పిమ్మట ఆ రవ్వలే పాట నడుమ చిటపటలై వినవచ్చినవి.

1888లో నికోలా టెస్లా పేటెంటు పొందిన ఇండక్షన్ మోటారులో బ్రష్షులు లేవు. గీరుడు పోయెను, హోరు వచ్చెను. మన ఇండ్లకు వచ్చు ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తిచేయును. ఒక్కొక్క ఆవృత్తిలో అయస్కాంతాకర్షణ రెండుమారులు హెచ్చి తగ్గును. కావున మోటారులోని ఇనుము సెకనుకు 100 మారులు కంపించును. మనము వినెడి ‘గుంయ్’ అను ధ్వనికి మూలమిదియే.

దీని నణచుటకు ఇంజనీర్లు పలు ఉపాయములు పన్నిరి. రెండవ తీగచుట్టను, కెపాసిటరును చేర్చి ఆకర్షణలోని ఒడిదుడుకులను తగ్గించిరి. రోటారు గాడులను ఇరుసునకు కొంచెము ఏటవాలుగా అమర్చిరి. అందుచే అవి స్టేటరు పళ్ళకు ఒక్కమారుగా ఎదురుపడవు. ఇనుప రేకుల దొంతరను, తీగలను వార్నిషుతో బిగించిరి. వీణకుండ తీగ నాదమును పెంచినట్లు ఇంటికప్పు మోటారు కంపనమును పెంచును; కావున కొక్కెమువద్ద రబ్బరు బుష్షు నుంచిరి.

రెక్కల బరువులు సమముగా లేనిచో పంకా ఊగును. ఈ దోషము మోటారుది కాదు. అందుచేతనే కర్మాగారమున జతకూర్చిన రెక్కలను వేరొక పంకాకు మార్చరాదు.

తరువాత వచ్చిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు విద్యుత్ తరంగమును తుంచి పంపుటచే, తక్కువ వేగమున హోరు మరల తలయెత్తెను. కెపాసిటర్ రెగ్యులేటర్లు దానిని తగ్గించినవి. నేటి బి.ఎల్.డి.సి. పంకాలలో ఏకముఖ విద్యుత్తు తిరిగివచ్చినది, కాని బ్రష్షులు లేకుండ. వాని పని ఎలక్ట్రానిక్ సాధనములే చేయుచున్నవి.

మనిషి చేతినుండి త్రాటిని విడిపించుటకు ఒక్క మోటారు చాలెను. ఆ మోటారు నోరు మూయించుటకు నూరేండ్లకు పైగా పట్టినది. నడిరేయి పంకా తిరుగుచున్నదో లేదో తెలియక మనము తలయెత్తి చూచినచో, ఆ శ్రమ ఫలించినట్లే.