వాండా పేరు మారిన కథ

ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని మన సంఘం వారు అడిగారు. రాజుల చరిత్ర, శాసనాల చరిత్ర వ్రాసే పాండిత్యం నాకు లేదు. నా తెలుగు సాయంకాలపు తరగతులలో నేర్చుకున్న తెలుగు. కాని ఒక పువ్వు చరిత్ర కొంత తెలుసు. అదే వ్రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

పెరాక్‌లో మా తోట ఇంటి ముందు అమ్మ ఒక ఆర్కిడ్ కంచె పెంచింది. పెన్సిల్ లాంటి గుండ్రని ఆకులు, గులాబీ ఊదా కలిసిన పూలు. అందరూ వాండా అనేవారు. పూర్తి పేరు వాండా మిస్ జోకిమ్. ఆ ఇల్లు ఖాళీ చేసి ఇపోలో ఫ్లాటుకు వచ్చినప్పుడు కంచె నుండి మూరెడు ముక్కలు రెండు తెచ్చి కుండీలో నాటాను. అమ్మ చేతి మొక్క అది ఒక్కటే మిగిలింది. వాండాలకు వడగట్టిన వెలుతురు మంచిదని పుస్తకంలో చదివి, కిటికీకి పలుచని తెర కట్టాను. రెండేళ్లు గడిచాయి. ఒక్క మొగ్గ లేదు. కాడలు పాలిపోయి వాలిపోసాగాయి.

పుస్తకం అబద్ధం కాదు. నా మొక్క పేరే తేడా. ఆ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే రెండు వందల యాభై ఏళ్లు వెనక్కు వెళ్లాలి.

1753లో లిన్నేయస్ మొక్కలకు రెండు మాటల పేర్లు స్థిరపరచినప్పుడు, ఉష్ణదేశాలలో చెట్లపై పెరిగే ఆర్కిడ్లను చాలావరకు ఎపిడెండ్రం అనే ఒక్క ప్రజాతిలో వేశాడు. ఆ గ్రీకు మాటకు చెట్టు మీద ఉండేది అని అర్థం. మన పెద్దలు చెట్టు మీద మొలిచినదాన్ని బదనిక అన్నట్లే. రెండు పేర్లూ మొక్క ఎక్కడ ఉందో చెబుతాయి, ఏమిటో చెప్పవు. (బదనిక అనగానే చెట్టు రసం పీల్చేస్తుందని మనవాళ్లు పీకి పారేస్తారు. ఆర్కిడ్ అలా చేయదు. చెట్టు దానికి కూర్చునే పీట మాత్రమే. నీరు గాలి నుండి, వాన నుండి వేళ్ల మీది తెల్లని పొర పీల్చుకుంటుంది.)

ఇక్కడ మన తెలుగు నేల కథలోకి వస్తుంది. కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1780లలో కాకినాడ దగ్గర సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలకు మనదేశపు చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. ఆయన పుస్తకంలో ఎన్నో మొక్కలకు తెలింగా పేర్లు అని మన పేర్లు కూడా ఉన్నాయి. 1795లో వెలువడిన మొదటి సంపుటంలో గళ్ల పూలున్న ఒక ఆర్కిడ్ ఉంది. ఆయన పెట్టిన పేరు ఎపిడెండ్రం టెసెలాటం. అది తరువాత వాండా టెసెలాటా అయింది. వాండా అన్నది సంస్కృతం వందా నుండి వచ్చింది. విలియం జోన్స్ ఆ మాట వాడగా, 1820లో రాబర్ట్ బ్రౌన్ శాస్త్రంలో నిలబెట్టాడు. అంటే ఆ మాటకూ బదనిక అనే అర్థమే!

అప్పటికి శాస్త్రజ్ఞులు మొక్క ఉన్న చోటు వదిలి పూవు లోపల చూడడం మొదలుపెట్టారు. ఆర్కిడ్ పూవులో కేసరమూ కీలమూ విడిగా ఉండవు, కలిసి ఒకే స్తంభంగా ఉంటాయి. ఒక రేకు పెదవిలా మారుతుంది. పుప్పొడి పొడిగా రాలదు, చాలా రకాల్లో ముద్దలుగా ఉంటుంది. ఆ ముద్దల సంఖ్య, పెదవి ఆకారం, స్తంభం తీరు చూసి లిండ్లే వంటివారు ప్రజాతులు విడదీశారు.

మా అమ్మ మొక్కకు తల్లిదండ్రులు ఇద్దరు. ఒకటి ఈశాన్య భారతం, బర్మా వైపుది. దానిని రాక్స్‌బర్గ్ డెండ్రోబియం అన్నాడు. ఆయన పోయాక 1832లో ఆ పేరు అచ్చయింది. మరుసటేడే లిండ్లే దానిని వాండా టెరెస్ చేశాడు. రెండవది మన పెరాక్ చిత్తడి నేలల పువ్వు, వాండా హుకెరియానా. ఇక్కడి ఇంగ్లీషువారు దానిని కింటా వీడ్ అన్నారు, అంటే కింటా లోయ కలుపు మొక్క. ఇంత అందమైన దానికి కలుపు అని పేరు పెట్టడం నాకు నచ్చదు.

సింగపూర్‌లో ఆగ్నెస్ జోకిమ్ అనే ఆర్మీనియన్ మహిళ తోటలో ఈ రెండింటి సంకరం పూసింది. ఆమె ఆ పూవును బొటానిక్ గార్డెన్స్ అధిపతి రిడ్లీకి చూపగా, ఆయన 1893లో ఆమె పేరిట ప్రకటించి, సంకరం చేసినది ఆమే అని స్పష్టంగా వ్రాశాడు. తరువాతి వారు కొందరు, ఆమె చేయలేదు, తుమ్మెద చేసి ఉంటుందన్నారు. పూవును చేతితో పట్టుకుని చూసినవాడి మాట ఉండగా ఈ సందేహం ఎందుకో నాకు అర్థం కాదు. 1981లో సింగపూర్ దానిని జాతీయ పుష్పంగా ప్రకటించింది.

అసలు చిక్కు ఇక్కడే. 1915లోనే జర్మనీ శాస్త్రజ్ఞుడు ష్లెక్టర్ ఈ గుండ్రని ఆకుల మొక్కలు నిజమైన వాండాలు కావని, పాపిలియోనాంథే అనే వేరు ప్రజాతి పెట్టాడు. సీతాకోకచిలుక పువ్వు అని అర్థం. తోటలు పెంచేవారు పట్టించుకోలేదు. 1974లో గారే అనే శాస్త్రజ్ఞుడు ఆ ప్రజాతిని మళ్లీ నిలబెట్టాడు. స్తంభం అడుగున పాదం వంటి భాగం పొడుగ్గా ఉండడం ఒక గుర్తు. నేడు సంకరాల నమోదులో కూడా మిస్ జోకిమ్ పాపిలియోనాంథేయే. ఇప్పుడు డీఎన్ఏ చూసి బంధుత్వం తేలుస్తున్నారు. దాని ప్రకారం ఆర్కిడ్ కుటుంబం మొత్తం ఐదు ఉపకుటుంబాలు. కొన్ని ప్రజాతులు విడిపోయాయి, కొన్ని కలిసిపోయాయి. చిన్న పూల ఆస్కోసెంట్రంలు వాండాలోకి వచ్చాయి, మా అమ్మ వాండా బయటికి పోయింది.

ఇది తెలిశాక నాకు కుండీలో మొక్క అర్థమైంది. పుస్తకం చెప్పినది బద్దలాంటి వెడల్పు ఆకుల వాండాల సంగతి. పెన్సిల్ ఆకు నిండు ఎండకు పుట్టిన ఆకు. పైగా మిస్ జోకిమ్ కాడ ఊతకర్రను దాటి పైకి లేచాకే బాగా పూస్తుంది. ఇంట్లో తెర చాటున ఎన్నేళ్లుంచినా అంతే. నేను పనిచేసిన బడి కంచె దగ్గర కర్రలు పాతి ముక్కలు రెండూ నాటాను. మరుసటి సంవత్సరం కాడలు కర్ర దాటాయి, పూశాయి.

ఫ్లాటు కిటికీ ఖాళీగా ఉంచలేదు. అక్కడ ఫలెనాప్సిస్ పెట్టాను. దీని తెల్లని రకాన్ని లిన్నేయస్ కూడా ఎపిడెండ్రంలోనే వేశాడు. 1825లో బ్లూమ్ దానికి చిమ్మెటను పోలినది అని ఈ పేరు ఇచ్చాడు. అడవిలో చెట్ల నీడన ఉండేది గనుక ఇంటి లోపల సుఖంగా ఉంటుంది. తూర్పు కిటికీ, పొద్దుటి వెలుగు, బొగ్గూ చెట్టు బెరడూ నింపిన కుండీ చాలు. వేళ్లు వెండిరంగుకు తిరిగినప్పుడే నీరు పోయాలి. ఆకుల నడుమ నీరు నిలిస్తే కుళ్లుతుంది. మొదటిది అలాగే పోగొట్టుకున్నాను.

బడి కంచె మీద చీటీ కట్టాను. పై వరుసలో అమ్మ అన్న పేరు, కింద కొత్త పేరు. కంచె ఇప్పుడు బాగా పెరిగింది. సంఘ సభ్యులలో ఎవరికైనా ముక్కలు కావాలంటే సంతోషంగా ఇస్తాను. రోజంతా ఎండ పడే చోటు ఉన్నవారే అడగండి.