గొంగడి

కంబళి సంస్కృతమునందలి ‘కంబల’ శబ్దమునుండి వచ్చినది. గొంగడియో, నిఘంటువులలో గొంగళియై, కరీంనగరపు పల్లెలలో గొంగడియై నిలిచిన ఇంటిమాట. దక్కనీ గొఱ్ఱెల నల్లని ఉన్నిని వడికి, పడుగునకు చింతగింజల గంజి పట్టించి, కురుమలు మగ్గముపై నేసిన యీ బిరుసువస్త్రము, కేస్లాపూరున నాగోబా జాతర జరుగు పుష్యమాసమున, ఆదిలాబాదు అడవులలో చలి పులియై పైబడునపుడు, మందకాపరికి పక్కయు దుప్పటియు నగును. వానకాలమున గొడుగును అదియే. గరుకుదనమే దాని గుణము. మెత్తని శాలువ ఆ ముండ్లపొదలలో ఒక రాత్రికైనను ఆగునా? ఒడలెల్ల రోమములు గల పురుగునకు గొంగళిపురుగని పేరిడిన పూర్వుల చూపు మెచ్చదగినది. ‘గొంగట్లో తింటూ వెంట్రుకలేరినట్లు’ అను సామెతలో మాత్రము కొంత యెకసెక్కమున్నది. ఐనను దానిని కప్పుకొని నెగడుచుట్టు ముచ్చటలాడువారే ఆ సామెతను పలికి ముందుగా నవ్వుదురు.