కోట పోయిన పిల్లవాడు

బొబ్బిలి యుద్ధము మీకు తెలియని కథ కాదు. బుర్రకథగా వినియుందురు, 1964లో వచ్చిన చలనచిత్రమును చూచియుందురు. మా చిన్నతనములో మేము కర్రలు పట్టుకొని ఆ యుద్ధమును ఆడెడివారము. ప్రతివాడును తాండ్ర పాపారాయుడే. చిన్న రంగారావు వేషము వేసినవాడు మాలో ఒక్కడును లేడు. నేడు మీకు అతని సంగతియే చెప్పదలచితిని.

1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి మట్టికోటను బద్దలు కొట్టెను. ఫ్రెంచివారిని వెంటబెట్టుకొని వచ్చినవాడు విజయనగరపు పెద విజయరామరాజు. ఇక కోట నిలువదని తెలిసినప్పుడు, శత్రువుల చేత చిక్కకూడదని లోపలివారు తమ స్త్రీలను, పిల్లలను తామే చంపుకొనిరి. రాజు రంగారావు పోరులో కూలెను. కథకులు దీనిని పౌరుషమందురు. నేను కాదనను గాని, ఆ పిల్లలను ఎవరును అడుగలేదు గదా అని నాకు తోచుచుండును.

ఆ శవముల నడుమనుండి ఒక ముసలివాడు ఒక పసివానిని తీసికొనివచ్చి, లా అను ఫ్రెంచి అధికారికి అప్పగించెను. ఆ పసివాడే రంగారావు కుమారుడు చిన్న రంగారావు. మూడు రాత్రులు గడచిన పిమ్మట పాపారాయుడు శిబిరములో దూరి విజయరామరాజును పొడిచి చంపెను. కథ అక్కడ ముగియును, జనులు చప్పట్లు కొట్టి ఇండ్లకు పోవుదురు. ఆ పిల్లవాడు మాత్రము ఇంకను బ్రదుకవలసియుండెను.

ఎట్లు బ్రదికెను? కొంతకాలము బంధువులు అతని పేర వ్యవహారము నడిపిరి. పాత పగ చల్లారలేదు. విజయనగరమువారు అతనిని పట్టి తమ కోటలో బంధించిరి. బొబ్బిలికిని విజయనగరమునకును నడుమ దూరము సుమారు యాభై కిలోమీటర్లే. అయినను అతనికి అది దాటరాని దూరమాయెను. పేరుకు రాజు, ఉన్నది చెరసాల. తన తండ్రిని చంపించిన వంశమువారి అన్నము తినుచు అతడు పెద్దవాడాయెను. పాపారాయుని వలె ఒక్క రాత్రిలో తెగించుట గొప్పయే. ఏండ్ల తరబడి ఎదురుచూచుట గొప్ప కాదా? మీరే చెప్పుడి.

1790లో అతడు తప్పించుకొని నిజాము రాజ్యములోనికి పారిపోయెను. అప్పటికి ఫ్రెంచివారు ఈ సీమలో లేరు, కుంపిణీవారి చేతికి పెత్తనము వచ్చియుండెను. వారికిని విజయనగరమునకును కప్పము బకాయిల విషయమై తగవు ముదిరెను. అప్పటి రాజు, చిన విజయరామరాజు, నెలకు 1200 రూపాయల భరణము పుచ్చుకొని మచిలీపట్నము వెళ్లి ఉండవలెనని ఆజ్ఞ వచ్చెను. అతడు పోలేదు. భీమునిపట్నము త్రోవలో నున్న పద్మనాభము చేరెను. 1794 జూలై 10వ తేదీ తెల్లవారుజామున కర్నలు ప్రెండర్గాస్ట్ సేనలు అతనిమీద పడెను. రాజును, అతని చుట్టునున్న క్షత్రియులనేకులును అక్కడనే కూలిరి.

ఇప్పుడు చూడుడి. ఆ రాజునకు నారాయణబాబు అను కుమారుడుండెను, ఇంకను మైనరు. తండ్రి చనిపోగానే అతడు కొండ జమీందారుల శరణు జొచ్చెను. ముప్పదియేడు ఏండ్ల క్రిందట బొబ్బిలి పిల్లవానికి పట్టిన గతియే విజయనగరపు పిల్లవానికిని పట్టెను. విజయనగరపు సంస్థానము చీలిన ఆ 1794లోనే కుంపిణీవారు చిన్న రంగారావును పిలిపించి బొబ్బిలి తిరిగి యిచ్చిరి. ఒకడు ఇల్లు చేరిన ఏడే మరియొకడు ఇల్లు విడిచెను. ఇందులో కుంపిణీవారి దయ ఎంత, లెక్క ఎంత అని అడిగినచో, లెక్కయే ఎక్కువ అందును. కొంత బేరము జరిగిన మీదట నారాయణబాబునకును విజయనగరము దక్కెను గాని, కొండ జమీందారులు అతని చేయి జారి నేరుగా కుంపిణీ క్రిందికి పోయిరి. కప్పమును పెంచిరి.

చిన్న రంగారావు తిరిగి వచ్చునప్పటికి నలుబది దాటియుండెను. ఊరు ఉన్నది, తాను పుట్టిన కోట లేదు. 1801లో శాశ్వత పరిష్కారపు కాగితము వ్రాయబడినప్పుడు అందులో ఎక్కిన పేరు అతని తరువాతివాడు రాయడప్ప రంగారావుది. కప్పము ఏటికి 90,000 రూపాయలు. నారాయణబాబు అప్పులపాలై, తన విజయనగరమునకు దూరముగా, 1845లో కాశీలో కన్నుమూసెను.